అమ్మను ఎవరూ అడగని మాట

నా చిన్నప్పుడు ఒక వానాకాలమంతా మా అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. అప్పుడు మేం బందరు పక్కన గిలకలదిండిలో ఉండేవాళ్ళం. నాన్న బోటు మీద వేటకు వెళ్ళేవాడు, అమ్మ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని బందరు వీధుల్లో అమ్మేది. ఆ ఏడు నాకొక చెల్లెలు పుట్టింది. పుట్టిన పూటే పోయింది.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక అమ్మ ఏడవలేదు. ముందు తిండి మానేసింది, ఆ తర్వాత మాట మానేసింది. నేను పిలిస్తే చూసేది కానీ ఆ చూపులో నేను ఉండేదాన్ని కాదు. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట, "మర్చిపోవే, ఇంకా బోలెడు వయసుంది." గాలి సోకిందని నాన్నమ్మ తాయెత్తు కట్టించింది. పాప ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తకూడదని నాన్న గట్టిగా చెప్పాడు. అమ్మ మంచి కోసమే అనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం పక్క మీద అమ్మ లేదు. నాన్న వెతుక్కుంటూ వెళ్ళేసరికి ఉప్పుటేరులో నడుము లోతు నీళ్ళలో నిలబడి ఉందట. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆ రోజే నాన్న ఏడవడం మొదటిసారి చూశాను.

మా పేటకు వచ్చే నర్సమ్మ, బందరులో మనసు బాగోలేనివాళ్ళతో మాట్లాడి నయం చేసే డాక్టరమ్మ ఉందని చెప్పింది. నాన్నమ్మ, నేను అమ్మను తీసుకెళ్ళాం. డాక్టరమ్మ నాన్నమ్మను బయట కూర్చోమంది. నేను అమ్మ కొంగు వదలకపోతే, ఉండనిమ్మంది. కుర్చీ అమ్మ దగ్గరకు జరుపుకుంది. తర్వాత మెల్లగా, "పాప ఎలా ఉండేదమ్మా?" అని అడిగింది.

అమ్మ ఉలిక్కిపడింది. ఆ మాట అంతవరకు ఎవరూ అడగలేదు.

"జుట్టు ఒత్తుగా ఉందండి," అంది. ఎన్నాళ్ళకో విన్న ఆ గొంతు బొంగురుపోయి ఉంది. "సరిగ్గా చూడనివ్వలేదండి. గుడ్డలో చుట్టి తీసుకెళ్ళిపోయారు. నేను నెలలు నిండినా బుట్ట మోశానండి. నేనే చంపేసుకున్నాను."

డాక్టరమ్మ కాదనలేదు, ఓదార్చనూ లేదు. "ఈ మాట ఇంట్లో ఎవరితోనైనా అన్నారా?" అంది.

"ఎవరు వింటారండీ?" అంటూ అమ్మ టేబుల్ మీద తల వాల్చి ఏడ్చింది. అంత ఏడుపు ఆ మనిషిలో ఎక్కడ దాగిందో నాకర్థం కాలేదు. భయపడి నేనూ ఏడ్చాను. నాన్నమ్మ తలుపు తోసుకొచ్చి, "మందిమ్మని తీసుకొస్తే ఏడిపిస్తారేంటండీ!" అని కోప్పడింది.

"ఏడవనివ్వండి మామ్మగారూ. వచ్చే వారం కూడా తీసుకురండి," అంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రమే అమ్మ లేచి తిరిగిందంటే అబద్ధం. మళ్ళీ గోడ వైపే తిరిగి పడుకుంది. కొన్ని వారాలు రానని మొండికేసింది. కొన్నిసార్లు వెళ్ళొచ్చాక ఇంకా కుంగిపోయేది, ఇక ఈ మనిషి మనకు దక్కదని నాన్న ఆశ వదిలేసుకున్నాడు. అయినా తీసుకెళ్తూనే ఉన్నాం. బుట్ట మొయ్యడం వల్ల బిడ్డ పోలేదని డాక్టరమ్మ మొదటే చెప్పి ఉంటే అమ్మ నమ్మేది కాదు. అమ్మ చెప్పిందంతా విన్నాక, ఎప్పటికో చెప్పింది. అప్పుడు కొంత నమ్మింది.

చలికాలం వచ్చాక ఒకరోజు నేను బడి నుంచి రాగానే, "ఆ తలేంటే, పిచ్చిక గూడులాగ!" అని అమ్మ తిట్టింది. ఆ తిట్టు వినాలని నేనెంత ఎదురుచూశానో నాకప్పుడే తెలిసింది.

అమ్మ పూర్తిగా పాత అమ్మ కాలేదు. వానలు మొదలైతే ఇప్పటికీ మాట తగ్గిపోతుంది. కానీ నాన్న అడగడం నేర్చుకున్నాడు. పక్కన చేరి, "పాప గుర్తొచ్చిందా?" అంటాడు. అమ్మ చెప్తుంది.

నాకు మాత్రం డాక్టరమ్మ దగ్గర అమ్మ ఏడ్చిన ఆ రోజు నుంచి, ఏడుస్తున్న మనిషిని "ఊరుకో" అనడానికి నోరు రాదు. "ఏమైంది, చెప్పు," అని పక్కన కూర్చుంటాను. చెప్పకపోయినా లేచి వెళ్ళను.