తలుపుకు కట్టిన తాడు

ఇయ్యాల నార్కట్‌పల్లి పత్తి మిల్లుల మేస్త్రితోని లొల్లి అయింది. యంత్రాలకు, గోదాంకు నడుమ ఉన్న ఇనుప తలుపు జారి మూసుకోకుండ నులక తాడుతోని కట్టి ఉంటది. ఎలుకలు కొరికి తాడు ఊకె తెగుతాందని మా వదిన ఇనుప తీగ కట్టింది. మేస్త్రి చూసి మండిపడ్డడు.

"తీగ తియ్యిండ్రి! యంత్రాల కాడ అగ్గి పుడితె తాడు కాలి తెగాలె, తలుపు మూసుకోవాలె. అప్పుడే గోదాంల సేటు పత్తి దక్కుతది."

"గోదాంల పత్తి ఏరేది మేమే గద, మేస్త్రన్నా. బయటికి పోను ఇంకో తోవ లేదు. మేమెట్ల దక్కుతం?" అన్నది వదిన.

మేస్త్రి తీగ తీసి, తాడు కట్టి పోయిండు. మేం గంపలెత్తుకొని, ఆ తలుపు దాటి బయటి వాకిలి దిక్కు వచ్చి కూసున్నం. మీ మిల్లులల్ల గిసొంటి తలుపు ఉంటె, దాని అవతల ఎవలు కూసుంటున్నరో జర చూసి చెప్పుండ్రి.