బెల్లం రుచి చూడని వ్యాపారి

చిత్తూరులో మా నాయనకు, పెదనాయనకు కలిపి ఒక బెల్లం మండీ ఉండేది. ఆ పొద్దులు తలచుకుంటే ఇప్పటికీ అన్నీ లేతపాకం రంగులోనే కనిపిస్తాయి. వీధిలోని దుమ్ము, బండెద్దుల కొమ్ములు, గుమ్మం దగ్గర ముసిరే తేనెటీగలు, అన్నీ. రైతు బండి దింపగానే నాయన బెల్లం అచ్చు కొస విరిచి, నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. కాసేపటికి, "ఉప్పునేల చెరకప్పా ఇది" అనేవాడు. ఆ మాటకు తిరుగుండేది కాదు.

పెదనాయన కాలివేలికి చిన్న పుండు లేచింది. మానలేదు. షుగరన్నారు. చివరికి మోకాలి కింద కాలు తీసేశారు. అప్పుడే డాక్టరు నాయనను కూడా పరీక్షించి, "మీకింకా రాలేదు. కానీ ఇది మీ వంశంలో ఉంది. ఇప్పట్నుంచే నోరు కట్టుకోండి" అన్నాడు.

మరునాడు అమ్మ నాయన కంచంలో రాగిసంగటి పెట్టింది. ఆ రోజుల్లో తెల్లన్నం తినడమంటే నాలుగు రాళ్లు వెనకేసుకున్నట్టు.

"ఇంత ఎదిగి మళ్లా సంగటేనా?" అన్నాడు నాయన.

"ఎదిగినాం గాబట్టే మీ అన్నకు కాలు పోయింది. తినండి."

నాయన చెయ్యి కదల్లేదు. ముద్ద మీద ఆవిరి మెల్లగా తేలుతోంది. వసారాలో మంచం మీదున్న పెదనాయన, "నాకూ ఒక ముద్ద పెట్టమ్మా. ఆ వాసనకు మా యమ్మ వచ్చి పక్కన కూసున్నట్టుండాది" అన్నాడు. అప్పుడు నాయన కంచం ఎత్తుకుపోయి అన్న పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ వేరుశెనగల ఊరిబిండి నంజుకుంటూ తిన్నారు.

నాయన రుచి చూడడం మానేసేసరికి మండీలోనే కష్టమైంది. "ఏం సామీ, నా బెల్లం నోట్లో పెట్టుకోకూడనిదా?" అని ఒక రైతు చిన్నబోయాడు. "బెల్లానిది తప్పు కాదప్పా, నా ఒంటిది" అన్నాడు నాయన. మొదట్లో అంచనాలు తప్పి నష్టపోయాడు కూడా. తర్వాత అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన కూర్చుని, బెల్లం ముక్క విరిచి, లోపలి పలుకు ఎలా కట్టిందో చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకునేవారు. చూస్తూ నిలబడితే నాకూ మగతగా ఉండేది.

పెదనాయనకు రెండో కాలు చివరిదాకా నిలిచింది. నాయన ముసలితనంలో కూడా మండీకి నడిచే వెళ్లాడు. ఆ జబ్బు ఆయన దగ్గరికి రాలేదు. తిండి వల్లనా, అదృష్టమా అని అడిగితే డాక్టరు రెండూ కావచ్చన్నాడు.

అమ్మకు మాత్రం ఏ అనుమానమూ లేదు.