పేరు ముందర జర జాగ

నిన్న పొద్దున మొయినాబాద్‌లో మెహదీపట్నం బస్సు కోసం నిలబడి ఉంటే, ఫాంహౌస్‌ల వైపు పోయే కారొకటి పక్కన ఆగింది. అద్దాలు దించి ఉన్నాయి. లోపలి నుంచి ఆ పాట బేస్ మోత! కిందికి జారుతూ వచ్చి బస్టాప్ రేకును కూడా వణికించే బేస్. ఆ పాట మిక్సింగ్ చేసింది నేనే. పాడింది శ్రీశైలం అన్న. ఆయన ఇప్పుడు పాడడు. ఆ దిక్కుమాలిన పాట మాత్రం ఆగి చావదు.

అన్న వాళ్లది చేవెళ్ల. ఒకప్పుడు ఆయన ర్యాప్ లేనిదే మా వైపు పెళ్లి బరాత్‌లో డీజే బండి కదిలేది కాదు. సినిమాల్లోనూ పాడాడు. నేను చిన్న మంగళారం ఊరి పిల్లను. ఇంజినీరింగ్ చదివి, ఉద్యోగం దొరక్క, ఆయన స్టూడియోలో చేరాను. స్టూడియో అంటే ఏముంది, గోడలకు పాత పరుపులు కొట్టిన కిరాయి షట్టర్. మైకు ఎటు తిప్పాలో కూడా తెలియని నాకు విసుక్కోకుండా పని నేర్పిన మనిషి ఆయనొక్కడే. మొదట నేర్పింది ఇది: "చెల్లె, పాట నడుమ మనిషి పేరు వచ్చే ముందర జర జాగ ఇడువు. దరువు ఆపు. పేరు ఒంటిగ వినవడాలె. పేరంటే మనిషే గద." పెళ్లికొడుకుల పేర్లు పాడీ పాడీ ఆయన పట్టుకున్న కిటుకు అది. ఆ చిన్న నిశ్శబ్దంలో పెళ్లివాళ్లంతా ఊపిరి బిగబట్టేవారు.

తర్వాత ఆయనకు లండన్ గల్లీల డ్రిల్ అనే ర్యాప్ పాటల పిచ్చి పట్టింది. "బరాత్ పాటలతోని పానం ఇసిగింది చెల్లె. గిది చూడు, అరువకుంటనే ఎట్ల భయపెడుతున్నరో" అని ఫోను నా ముందు పెట్టేవాడు. మొహానికి నల్ల ముసుగు, చల్లటి గొంతు, ఇది మా గల్లీ, వీడు మా పగవాడు అని పేరు పెట్టి బెదిరించడం. అట్లాంటి పాటకు పగవాడు కావాలి కదా. ఈయనకెక్కడి పగవాడు? ఎదురైన ప్రతి ముసలమ్మకూ బండి ఆపి "మంచిగున్నవా అవ్వా" అనే మనిషి!

వెతికి వెతికి పక్కింట్లోనే దొరికించుకున్నాడు. వాళ్ల పెద్దబాపు అంజయ్య, తండ్రి నర్సింలుకు సొంత అన్న. భూముల ధరలు పెరిగినప్పటి నుంచి అన్నదమ్ములకు చేను గెట్టు మీద పంచాయితీ. పంచాయితీ అంటే పొద్దున తిట్టుకుని, సాయంత్రం ఒకే అరుగు మీద చాయ్ తాగేటంత. ఆ అంజయ్య పేరు పెట్టి, "నీ వాకిట్ల పాడె కడత" అని పాడాడు శ్రీశైలం అన్న.

"అన్నా, బతికున్న మనిషికి పాడె ఏందన్నా?" అన్నాను.

"ఉత్త పాటనే చెల్లె. ఆడ లండన్ల అందరు గిట్లనే అంటరు. పెద్దబాపుకు నేను చెప్త, ఫికర్ చెయ్యకు."

చెప్పలేదు. సిగ్గుపడ్డాడేమో, మరిచాడేమో. ముసుగులేసుకుని ఆ గెట్టు మీదే వీడియో తీశారు. పాట బయటికొచ్చాక కూరగాయల మార్కెట్లో ఎవడో అంజయ్యకు ఫోనులో చూపించాడట. ఆ రోజుతో అరుగు మీద చాయ్ బందైంది. తమ్ముడు నర్సింలు పోయి తలుపు కొడితే తియ్యలేదు. శ్రీశైలం అన్న అప్పటికి కళ్లు తెరిచాడు. పాట హక్కులు కొన్న కంపెనీ చుట్టూ తిరిగి, తీసెయ్యమని బతిమాలాడు. మంచిగా నడిచే పాటను ఎందుకు తీస్తామని వాళ్లు నవ్వారు.

వానాకాలంలో అంజయ్య చేన్లో కూలిపోయాడు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. "పాట పాడి మా బాపును తిన్నడు" అని ఆయన బిడ్డ నేలకు తల కొట్టుకుంది. ఆ మాట ఊరంతా నమ్మింది.

మా వైపు పాలోళ్లు, అంటే అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు, భుజం పెట్టందే పాడె లేవదు. అంజయ్య కొడుకులు అడ్డం నిలబడి, "మీ చెయ్యి తాకొద్దు" అన్నారు. నర్సింలు, శ్రీశైలం అన్న అందరికంటే వెనక, దూరంగా నడిచారు. నేను వాళ్ల వెంట ఉన్నాను. దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. పోయిన మనిషి లేస్తాడేమోనన్న ఆశతో అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలిచే చోటది. తోడబుట్టినవాడికి అక్కడికి పోయే దిక్కు లేకపోయింది. నర్సింలు రోడ్డు మీదే నిలబడి "అన్నా... అన్నా..." అని పిలిచాడు. మూడోసారి గొంతు లేవలేదు. తండ్రి బదులు తాను పిలవబోయాడు శ్రీశైలం అన్న. ముసలాయన అరచేత్తో కొడుకు నోరు మూశాడు.

"నువ్వు పిలువకు కొడుకా. నీ నోట్లకెళ్లి ఆ పిలుపు వద్దు."

ఆ రోజు నుంచి అన్న మైకు ముట్టలేదు. ఇప్పుడు చందనవెల్లిలో ఏదో గోదాంలో పని. ఒకసారి బస్సులో కలిశాడు.

"పాటలు చేస్తున్నవా చెల్లె?"

"చేస్తున్న అన్నా."

"మంచిది" అని కిటికీ వైపు తిరిగాడు. ఏం మంచిదో నాకు అర్థం కాలేదు.

బరాత్ పాటలే నా బతుకుదెరువు. పెళ్లికొడుకు పేరొచ్చేసరికి నా చెయ్యి తనంతట తానే దరువు ఆపుతుంది, ఆయన నేర్పినట్టే జర జాగ ఇడుస్తుంది. ఆ జాగలో నాకు పెళ్లికొడుకు పేరు వినిపించదు. రోడ్డు మీద నిలబడి ముసలాయన "అన్నా" అని రెండుసార్లు పిలుస్తాడు. మూడోది రాదు.