గోడ మీద బొగ్గు గీతలు

“లైను మంచిగనే ఉన్నదమ్మా. నేనిప్పుడే మోగించి చూసిన గద.”

“నువ్వొచ్చినప్పుడు మంచిగనే ఉంటది. శుక్రవారం నాడు చచ్చిపోతది. గోడ చూడు.”

“గోడ మీది గీతలు చూసి రిపేరు చేస్తరా? ఆఫీసుల నవ్వుతరు.”

“నవ్వనియ్. రేపు శుక్రవారమే, వారం అంగడి టైముకు రా. రాకుంటే ఈ ఫోను చంకల పెట్టుకొని నేనే ఆఫీసుకొస్త.”

ఎన్నో ఏళ్ళ కింద ఎల్లారెడ్డిలో ఫోను లైన్‌మన్‌తో పడిన ఈ కొట్లాట మొన్న కామారెడ్డిలో గుర్తుకొచ్చింది. ఇంటర్నెట్ మాటిమాటికీ పోతోందని మా మనుమరాలు కంప్యూటర్‌లో నాలుగు వరుసలు రాసిపెట్టింది. అది నిమిషానికోసారి ఎక్కడో దూరాన ఉన్న మిషనును “ఉన్నావా?” అని అడుగుతుందట. జవాబు వచ్చిందో రాలేదో, టైముతో సహా తనంతట తానే రాసుకుంటుందట. దీనికి ఖర్చెంత అని అడిగాను. ఏమీ లేదంది. అయితే సరే అన్నాను. నేను చేసిందీ అదే పని, కాకపోతే బొగ్గుతో.

పెన్సిలైతే అరుగుతుంది, బొగ్గు పొయ్యిలో ఊరికే దొరుకుతుంది. పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టే వేళ రిసీవరు ఎత్తి చెవికి పెట్టుకునేదాన్ని. గుయ్‌మంటే నిలువు గీత, ఏమీ వినబడకపోతే అడ్డగీత. నా రెండో తరగతి చదువుకు అది చాలు. వారానికొక వరుస. పిల్లలు కామారెడ్డి హాస్టల్లో, ఆయన మస్కట్‌లో. ఇంట్లో నాకు జవాబిచ్చేది ఆ గుయ్యి ఒక్కటే. అందుకే గీత గీశాక కూడా కాసేపు వింటూ నిలబడేదాన్ని.

నిజానికి ఆ ఫోను వద్దన్నది నేనే. బర్రె కోసం దాచిన పైసలతో ఆయన సెలవులో వచ్చి పెట్టించాడు. “నేనైతే దాన్ని ముట్ట పో” అన్నాను. ఆ మాట మనసులో పెట్టుకునే విమానం ఎక్కాడు. ఆయన పోయాక మూడు పూటలా దాన్ని ఎత్తి వింటున్నానని ఆయనకేం తెలుసు. తరువాత ఆయనతో పనిచేసే రామారెడ్డి ఊరి మనిషి సెలవుకొచ్చి, గడపలో నిలబడే చెప్పాడు: “వదినె, అన్న సెలవని శుక్రవారం శుక్రవారం ఫోను బూతుకు పోయి చేస్తుండు. మోగుతున్నదట, నువ్వు ఎత్తుతలేవట. ఇగ బందు పెడత అంటున్నడు.”

ఇక్కడ చచ్చిన లైను అక్కడి చెవికి మోగినట్టే వినబడుతుందని నాకు అప్పుడే తెలిసింది. నేను చేద్దామంటే ఆయన గదిలో ఫోను లేదు. ఉత్తరం వేశాను, అది చేరేదెప్పుడో. ఈలోగా ఆయన ఒక్కసారి చేసినా లైను బతికి ఉండాలి. గోడకు దూరంగా జరిగి చూశాను. అడ్డగీతలన్నీ శుక్రవారం దగ్గరే, ఒకదాని కింద ఒకటి, నిచ్చెన మెట్లలా ఉన్నాయి. అప్పుడే లైన్‌మన్‌ను పిలిపించాను.

మరునాడు పొద్దున అతను గొణుక్కుంటూ వచ్చాడు. అంగడిలో బట్టలమ్మేవాడు డేరా తాడును మా ఇంటికొచ్చే తీగలకే బిగించి కట్టాడు, ఆ లాగుడుకు తీగ అతుకు విడిపోతోంది. తాడు విప్పించి వెళ్ళిపోయాడు. రిసీవరు ఎత్తాను, గుయ్‌మంది. నిలువు గీత గీసి, ఫోను పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. అంగడివాళ్ళు డేరాలు పీకి మూటలు కట్టుకునేదాకా కూర్చున్నాను. ఫోను మోగలేదు.