ఎర్రదారం తాళంచెవి

ఫర్వానియాలో ఒక ఐదంతస్తుల భవనం మెట్ల కింద, నిటారుగా నిలబడితే తల తగిలే జాగాలో ఖలందర్ తాళంచెవులు చేసేవాడు. ఊరు రాయచోటి. కువైట్ వచ్చి ఇరవై రెండేళ్లు. అక్కడ ఉండనిచ్చే కార్డు ఇఖామాలో మాత్రం సబ్హాన్‌లోని ఒక గోదాములో కూలీ అని ఉంటుంది. ఆ గోదాము మూతపడ్డాక, పనికి రప్పించుకున్న కఫీల్ బయట ఏ పనైనా చేసుకోమని వదిలేశాడు. తాళాల పని అతనికి ఎవరూ నేర్పలేదు. పారేసిన తాళాలు విప్పి, లోపలి ముక్కలు పాత పేపరు మీద వరసగా పరిచి, మళ్లీ బిగించి నేర్చుకున్నాడు. మిషను ఉన్నా చివరి గాటు ఆకురాయితోనే దిద్దేవాడు.

వెనక గోడకు ఒక చెక్క, దాని నిండా మేకులు. ఒక్కో మేకుకు ఒక తాళంచెవి, దానికో రంగు దారం. ఆ భవనంలోనూ పక్కవాటిలోనూ కడపవాళ్లు, కోనసీమవాళ్లు గదికి ఎనిమిదిమంది ఉంటారు. ఎవరి మంచం కింద వాళ్ల ఇనపపెట్టె. తాళంచెవి పోతే పెట్టె పగలగొట్టుకోవాల్సిందే. అందుకని పెట్టె కొన్న రోజే రెండో తాళంచెవి ఖలందర్ చెక్కకు చేరేది. పేర్లు రాసేవాడు కాదు. ఏ దారం ఎవరిదో అతనికి తెలుసు. ఇచ్చినవాళ్ల చేతికి తప్ప, వాళ్ల సొంత తమ్ముడు అడిగినా ఇచ్చేవాడు కాదు.

ఎర్రదారం అమీర్‌బీది. మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో మామా అని పిలిచే యజమానురాలు పెట్టే బాధ పడలేక ఏడు నెలల కింద బయటికి వచ్చేసిన మనిషి. పాస్‌పోర్టు మామా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు దొంగచాటుగా రెండిళ్లలో పని చేసుకుంటూ, పెట్టెను మూడో అంతస్తులో తెలిసిన వెంకటదుర్గ అనే ఆమె గదిలో ఉంచుకుంది. ఊరికి పోవడానికి ఎంబసీ ఇచ్చిన చీటీ ఆ పెట్టెలోనే ఉంది. ఆమె తాళంచెవులు రెండూ ఖలందర్‌కే ఇచ్చేసింది. ఒకటి చాలని అతను రెండోదాన్ని అప్పుడే కరిగించడానికి పోగేసే ఇత్తడి తుక్కు డబ్బాలో పడేశాడు.

“పోలీసులకు నా దగ్గర దొరికితే ఏ పెట్టెదని అడుగుతారన్నా. నీ చెక్కకే ఉండనీ.”

“పెట్టె నీది, కాపలా నాదా?”

“నువ్వు యాడికి పోతావులే, ఈ మెట్ల కింద నుంచి.”

ఒక బుధవారం పొద్దున పోలీసులు వచ్చారు. రెండో అంతస్తులో ఒక ఫ్లాట్‌లో నగలు పోయాయి. తాళం పగల్లేదు, తలుపు విరగలేదు. పై నుంచి దిగుతూ ఆఫీసరు మెట్ల కింద చెక్కను చూసి ఆగిపోయాడు. అరవైమూడు తాళంచెవులు.

సోదా చేయాలి, లేవమన్నాడు. ఖలందర్ సోదా కాగితం చూపించమని అడిగాడు. చిన్నప్పుడు మదరసాలో నేర్చిన అరబీ అక్షరాలతో కూడబలుక్కుని చదివాడు. అందులో ఫ్లాట్ నంబరే ఉంది. నంబరు మీద వేలు పెట్టి, ఇందులో మెట్లు ఎక్కడున్నాయని నెమ్మదిగా అడిగాడు. మెట్లెక్కకుండా ఆ ఫ్లాట్‌కి ఎవరు పోతారని ఆఫీసరు నవ్వి కాగితం మడిచేశాడు. తీసుకుపోయేవాటికి జాబితా అయినా రాయమన్నాడు ఖలందర్. అది మాత్రం రాశారు.

తాళంచెవులు ఎవరెవరివని అడిగారు. అప్పుడే డ్యూటీకి దిగుతున్నాడు కోనసీమ డ్రైవరు గంగరాజు. పచ్చదారం ఇతనిదని ఖలందర్ చూపించాడు. ఒక్కరు ఔనంటే మిగతాది సులువవుతుందని అతని ఆశ. గంగరాజు ఆఫీసరు బూట్ల వంకే చూస్తూ, ఈ మనిషికి తానెప్పుడూ తాళంచెవి ఇవ్వలేదన్నాడు.

అయితే ఒక్కో అంతస్తూ ఎక్కి, ప్రతి పెట్టెకూ ప్రతి తాళంచెవీ పెట్టి చూడమని ఆఫీసరు కిందివాళ్లకు చెప్పాడు. ఎర్రదారం పెట్టె తెరుచుకుంటే చీటీ బయటపడుతుంది. చీటీ మీద ఫోటో ఉంది. సాయంత్రం అమీర్‌బీ తిరిగొచ్చేదాకా వాళ్లు ఆ గదిలోనే కూర్చుంటారు.

జాబితా రాస్తున్న ఆఫీసరుకు వాళ్లు పైకి కదిలేలోపే ఇంకో సందేహం వచ్చింది. దొంగ తాళంచెవి చేయడానికి ఎంతసేపు పడుతుంది? చేసి చూపించమన్నాడు.

కొత్తదెందుకు పాడుచేయడం, పాతదాని మీదే చూపిస్తానన్నాడు ఖలందర్. పచ్చదారందాన్ని నమూనాగా ఒక పక్క బిగించాడు. రెండో పక్క ఎర్రదారందాన్ని, దారం తీసి జేబులో వేసుకుని బిగించాడు. మిషను తిప్పాడు. ఇత్తడి పొడి మోకాళ్ల మీద రాలింది. పళ్లన్నీ తెగి, అది ఏ తాళానికీ పట్టని రేకు అయింది. ఇన్నేళ్లలో తెలిసి చెడగొట్టిన తాళంచెవి అదొక్కటే. నిమిషన్నర పట్టిందని ఆఫీసరు కాగితంలో రాసుకున్నాడు. ఖలందర్ చేతులకు బేడీలు వేశారు.

మిగిలినవాటిలో పదిహేడు ఆ భవనంలోని పెట్టెలను తెరిచాయి. ఆ పెట్టెలవాళ్లందరూ గంగరాజు మాటే అన్నారు. వెంకటదుర్గ గదిలో ఒక పెట్టె దేనికీ లొంగలేదు. అది సెలవులో ఊరెళ్లినవాళ్లదని ఆమె చెబితే వదిలేశారు.

వారానికి అసలు దొంగ దొరికాడు. ఆ ఫ్లాట్‌లోనే ఉండేవాడు. కానీ అప్పటికి ఖలందర్ ఇఖామాను సరిచూశారు. సబ్హాన్‌లో కూలీ అయినవాడు ఫర్వానియాలో తాళాల పని ఎందుకు చేస్తున్నాడు? ఊరికి పంపేయమని ఉత్తర్వు వచ్చింది.

శనివారం గంగరాజు అతని బట్టల సంచి తీసుకుని, ఊళ్లకు పంపేసేవాళ్లను ఉంచే జైలుకి చూడ్డానికి వెళ్లాడు.

“ఆ రోజు ఔననడానికి నోరు రాలేదండి భాయ్. ఆ ఆఫీసరు మా కఫీల్‌కి ఫోన్ కొడతాడేమోనని భయమేసిందండి.”

ఖలందర్ సంచి అందుకున్నాడు. జేబులోంచి ఎర్రదారం తీసి ఇచ్చాడు.

“అమీర్‌బీకి ఇయ్యి. సుత్తితో కొట్టొద్దను. నేనే ఏరి ఇచ్చిన తాళం అది, సుత్తికి లొంగదు. కొక్కెం దగ్గర ఇనుము కోసే రంపం పెట్టి కొయ్యమను. తొందరపడితే రంపం విరుగుతాది.”

అప్పటికి ఆమె సుత్తితో వారం రోజులుగా కొడుతూనే ఉంది. చీటీ ప్రకారం మర్నాడు ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఎంబసీలో ఉండాలి, తప్పితే మళ్లీ కొత్త చీటీ రాయించుకోవాలి. పొద్దున సబ్హాన్‌లో ఒక వర్క్‌షాపు తెరిచేదాకా గంగరాజు ఆగి, రంపం అడిగి తెచ్చేసరికే ఎనిమిదయింది. ఇద్దరూ వంతులవారీగా కోశారు. ఒక రంపపు పట్టీ విరిగింది. రెండోది అరిగింది. కొక్కెం తెగి కింద పడేసరికి మధ్యాహ్నం జుహర్ నమాజు అజాన్ వినిపిస్తోంది.

అమీర్‌బీ చీటీ తీసి టైము చూసుకుంది. మళ్లీ పెట్టెలోనే పెట్టేసింది. తాళం ఉండాల్సిన చోట ఎర్రదారం దూర్చి ముడి వేసి, పెట్టెను మంచం కిందికి తోసింది.