కిందితాడుకు కట్టిన నూలు దారం

శివరాత్రితో చలి శివశివా అంటూ పోతుందంటారు. మా ఇంట్లో చలి పోగానే నాకు వణుకు మొదలవుతుంది. నందిపేట్ వైపు ప్రాజెక్టు నీళ్లు వెనక్కి తగ్గుతాయి. చేపలు లోతున్న చోటికి చేరతాయి. నా పెనిమిటి అటక మీది వలలు దించుతాడు. ఆ నీచు వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు అన్నం సహించదు.

నేను బోధన్ వైపు చెరుకు రైతుల బిడ్డను. మాకు తెలిసినవి కాలువ నీళ్లు, అవి మోకాలు దాటవు. వల అల్లడం, చిరుగులు కుట్టడం పెళ్లయ్యాకే నేర్చుకున్నాను. నేర్పింది అత్త. ఆమె పుట్టిన ఊరు ఆ నీళ్ల కిందే ఉంది. ప్రాజెక్టు కట్టినప్పుడు ఇళ్లు వదిలేసి వచ్చారట. గోడలు, మోటబావులు, చెట్ల మొద్దులు అన్నీ ఇంకా అక్కడే ఉన్నాయి. చేపలు దాక్కునేది ఆ గోడల సందుల్లోనే, వలలు ఇరుక్కునేదీ అక్కడే.

ఇరుక్కున్న వలను వదిలి రావడం మా అత్తింటివాళ్లకు నామోషీ. తెప్ప మీంచి దూకి, అడుగుదాకా మునిగి, చేత్తో విడిపించుకుని వస్తారు. అందుకే అతను ఇంటికి రాగానే నేను చేపలు చూడను, తల చూస్తాను. వెంట్రుకలు తడిగా ఉంటే మునిగాడన్నమాట. పోయిన ఏడు ఒకరోజు తల తడిసే వచ్చాడు. చీలమండ చుట్టూ వల కోసిన ఎర్రటి గీత. ఏమైందని అడిగితే నీళ్లు నమిలాడు.

"కంప గీస్కున్నది."

"కంప గుండ్రంగ గీస్తదా?"

కాలు వెనక్కి లాక్కున్నాడు. మొండివాడు రాజు కంటే బలవంతుడు, ఏం చేస్తాం.

ఈ ఏడు కొత్త వల సిద్ధం చేయడానికి కూర్చున్నాను. పైతాడుకు పాత చెప్పుల ముక్కలు కట్టాను, వల తేలడానికి. కిందితాడుకు సీసపు గుండ్లు కట్టాను, మునగడానికి. ఇక వల అంచును కిందితాడుకు ముడివేయాలి. నైలాన్ దారం పట్టుకుంటే చేతులు ఆడలేదు. రాళ్లలో ఇరుక్కునేది ఎప్పుడూ ఈ కిందితాడే. నైలాన్ తెగదు. తెగకపోతే అతను దూకుతాడు. ఆ ఎర్రటి గీత ఈసారి అతని మెడ చుట్టూ కనిపించింది నాకు.

అత్త నా ముఖం చూసింది. లోపలికి వెళ్లి బొంత కుట్టే నూలు దారం తెచ్చి నా ఒళ్లో వేసింది.

"గీనితోని కట్టు పిల్లా. గట్టిగ గుంజితే నూలు తెగి తాడు అడుగుకే ఉంటది, వల పైకొస్తది."

"ఆయనకు ఎర్కైతే?"

"ఎర్కైతే నీ మీద ఒర్లుతడు. ఒర్లాలంటె బతికుండాలె గద."

దారం తెల్లగా కనబడకుండా పొయ్యి మసి పూసింది. నేను కట్టాను. కట్టినంతసేపూ ఒకటే భయం, నా ముడి మరీ బిగుసుకుపోయి నూలు కూడా తెగకపోతే? అతను వల చుట్టేముందు కిందితాడును కాలి బొటనవేలికి తగిలించి గుంజి చూశాడు. ఒకచోట ఆగాడు. తర్వాత వల చుట్టి భుజాన వేసుకున్నాడు.

వేట మొదటిరోజు పొద్దున అత్తా నేనూ ఒడ్డుకు వెళ్లి నిలబడ్డాం. ఒక్కో తెప్పా వస్తోంది, అతనిది లేదు. ఎవరినీ అడగడానికి నోరు రాలేదు. అడిగితే ఏం చెబుతారోనని భయం. ఎండ ఎక్కాక గడ్డి దుబ్బుల వెనక నుంచి వచ్చాడు. ముందు తల చూశాను. వెంట్రుకలు పొడిగా గాలికి లేస్తున్నాయి.

కిందితాడు లేని వలను నలుగురి ముందూ నా మీదికి విసిరాడు.

"ఏం దారమే ఇది? పటపట తెగింది!"

అత్త అతని తల నిమిరి, చెయ్యి చూసుకుంది. చెయ్యి తడి కాలేదు.

మరునాడు కొత్త తాడు తెచ్చి నా ముందు పెట్టాడు. నాకు ఒళ్లు మండింది.

"నైలాన్ దారం గూడ తెచ్చినవా?"

అతను లేచి, గూట్లోని నూలు కండె తానే తీసి ఇచ్చాడు.

"గిదే కట్టు. జర వదులుగ కట్టు. ఒకదిక్కు జల్ది తెగలే."

"తెగకుంటె ఏం జేసినవ్?"

"దుంకుదామని నిలబడ్డ." కొత్త తాడు చుట్ట విప్పడం మొదలుపెట్టాడు. "కాళ్లు రాలె."

ఇన్నేళ్లూ ఇంట్లో భయపడేది నేనొక్కదాన్నే అనుకున్నాను. సూదిలో దారం ఎక్కించబోతే కొస పక్కకే పోయింది. సూది అతను తీసుకున్నాడు, అతనికీ పక్కకే పోయింది. చివరికి దగ్గరి చూపు ఆనని అత్తే తడుముకుంటూ ఎక్కించింది.