రెండు తేజాబులు

నాచారంలో మా పక్క వాటాలో సారలమ్మ, ఆమె భర్త కొమురెల్లి ఉండేవారు. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చారు. కూలర్ల రేకులకు రంగు వేసే షెడ్డులో ఆమె పని. రంగుకు ముందు రేకుల్ని ఆమ్లం తొట్టిలో ముంచి కడగాలి. ఆ ఆమ్లాన్ని అక్కడ అందరూ ‘తేజాబు’ అనేవారు. ఆమె కూడా అంతే.

కరెంటు కొరతతో ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు పెట్టిన ఏడాది షెడ్డు వారంలో సగం మూతపడేది. పని లేని రోజు కూలీ లేదు. ఇల్లు గడవాలని కొమురెల్లి కాప్రాలో ఒక పాత ఇనుప డబ్బా కొట్టు కొన్నాడు, ఉప్పల్ రోడ్డు మీద చాయ్ అమ్ముదామని. డబ్బా నిండా తుప్పే.

“తేజాబు పూస్తే పోతది. రోజూ సూస్తలేనా?” అంది సారలమ్మ.

అతను కిరాణా కొట్టులో తేజాబు అడిగి తెచ్చాడు. అది బాత్‌రూములు కడిగేది. పూయగానే బుస్సుమని పొగ, దగ్గు. తుప్పు పోయి ఇనుము తెల్లగా తేలింది. తెల్లారేసరికి మునుపటికంటే ఎర్రగా తుప్పెక్కింది.

“ఏందే, డబ్బాకు కుంకుమ పూయించినవు!”

“గంత పొగొస్తుంటె నీకు ముక్కు లేదా? మా తొట్టి ఎన్నడు పొగ గక్కది. జర ఆగు, సార్‌నడుగుత.”

సార్ అంటే సూపర్‌వైజర్ విజయభాస్కర్, గుడివాడ వైపు మనిషి. ఆయన అన్న మాటలు ఆమే మాకు చెప్పి నవ్వించింది.

“మీ ఆయన తెచ్చింది హైడ్రోక్లోరిక్, సారలమ్మా. అది తుప్పుతో ఆగదు, ఇనుమునీ తింటుంది. సరిగా కడక్కపోతే మళ్లీ తుప్పు. మనది ఫాస్ఫారిక్. తుప్పునే నల్లటి పొరగా మార్చేస్తుంది, దానిమీద రంగు పట్టుకుంటుంది. ఇది ఎక్కువగా పోయేది ఎరువులకే. మీ చేలకు చల్లే డీఏపీ దీంతోనే చేస్తారు. కూల్‌డ్రింకులో పులుపు కోసం కూడా కాస్త వేస్తారు.”

“గట్లయితె డబ్బామీద డ్రింకే పోస్త సార్.”

“పొయ్యండి, రంగుకి బదులు చీమలు పడతాయి.”

ఆయనే ఫాస్ఫారిక్ చిన్న క్యానుతో తెప్పించి ఇచ్చాడు. సారలమ్మ పాత తేజాబు పోయేలా డబ్బాను బట్టల సోడా కలిపిన నీళ్లతో కడిగింది. చేతులకు తొడుగులు వేసుకుని, కొమురెల్లిని దగ్గరికి రానీయకుండా, తనే బ్రష్షుతో పూసింది. సాయంత్రానికి ఎరుపు మెల్లగా బూడిద రంగుకు, తర్వాత నలుపుకు తిరిగింది. దానిమీద వేసిన రంగు నిలిచింది.

కింది రేకు మాత్రం దక్కలేదు. మొదటి తేజాబు దాన్ని జల్లెడ చేసింది. అక్కడ చెక్క కొట్టించారు. షెడ్డు మూసిన రోజుల్లో తోటి పనివాళ్లే వాళ్ల గిరాకీ. చాయ్ బాగుందని ఎవరూ అన్నట్టు నాకు గుర్తులేదు. అయినా ఆ ఏడాది ఆ ఇంట్లో పొయ్యి ఆరలేదు.